పక్క వీధిలో ఇంకో సర్పంచ్

ఒకే ఊరికి ఇద్దరు సర్పంచ్‌లు, రెండు ప్రభుత్వాలు, నాలుగైదు భాషలు. ‘ఈ కుర్చీకి నేను సరిపోతానా’ అన్న భయం ఎక్కడ పుడుతుందో, ఎట్లా పోతుందో తెలుసుకోవడానికి చంద్రపూర్ జిల్లా జివతి కొండల కంటే మంచి చోటు దొరకదు.

2024 ఏప్రిల్ 19న చంద్రపూర్ లోక్‌సభ స్థానానికి పోలింగ్ జరిగింది. మే 13న ఆదిలాబాద్ స్థానానికి జరిగింది. మధ్యలో 24 రోజులు. మనకు ఇవి రెండు రాష్ట్రాల్లో జరిగిన రెండు ఎన్నికలు. పరందోళి, ముకదంగూడ, మహారాజ్‌గూడ, అంతాపూర్ లాంటి ఊళ్లవాళ్లకు మాత్రం రెండూ సొంత ఎన్నికలే. రెండు ఓటరు జాబితాల్లోనూ వాళ్ల పేర్లున్నాయి. మొదటి సిరా గుర్తు గోటి మీద ఇంకా పూర్తిగా చెరగకముందే రెండో పోలింగ్ వచ్చేసింది.

మహారాష్ట్ర లెక్కలో ఇవి చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా ఊళ్లు, రాజురా అసెంబ్లీ నియోజకవర్గం. తెలంగాణ లెక్కలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ఊళ్లు, ఆసిఫాబాద్ నియోజకవర్గం. ఎన్ని ఊళ్లు అని అడిగితే ఇటువాళ్లు 12 అంటారు, అటువాళ్లు 14 అంటారు. ఇంటికి రెండు రేషన్ కార్డులు. ఊరికి రెండు బళ్లు, ఒకదాంట్లో మరాఠీ పాఠం, ఇంకోదాంట్లో తెలుగు పాఠం. రెండు గ్రామ పంచాయతీలు. ఇద్దరు సర్పంచ్‌లు.

ఈ చిక్కు పాతది. రాజురా తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలను విడగొట్టినప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. కొన్నాళ్లు నాందేడ్ జిల్లాలో ఉండి, 1959లో చంద్రపూర్‌లో కలిసింది. కాగితం మీద గీసిన గీత మాణిక్‌గఢ్ కొండల మీద సరిగ్గా ఎక్కడ దిగుతుందన్నది మాత్రం తేలలేదు. కోర్టులకు వెళ్లారు, కమిటీలు వేశారు. 2025 జులైలో మహారాష్ట్ర రెవెన్యూ మంత్రి చంద్రశేఖర్ బావన్‌కుళే ఈ 14 ఊళ్లూ తమవేనని, పూర్తిగా తమ పాలనలోకి తెచ్చే ప్రక్రియ మొదలుపెడతామని ప్రకటించారు. అంతకుముందూ ఇట్లాంటి ప్రకటనలు వచ్చాయి.

సరిహద్దు తగువు గురించి పత్రికలు చాలా రాశాయి. రెండు పింఛన్లు, రెండు ఓట్లు అని కాస్త వేళాకోళంగానూ రాశాయి. అవి చదివినప్పుడల్లా నాకు తట్టే సందేహం వేరు. ఆ ఊళ్లో సర్పంచ్‌గా ఉండటం ఎట్లా ఉంటుంది? కొత్తగా ఏ కుర్చీలో కూచున్నవాడికైనా లోపల ఒక గొంతు వినిపిస్తూనే ఉంటుంది: ‘ఇది నీది కాదు, దీనికి తగినవాడు వేరే ఎక్కడో ఉన్నాడు, ఏదో ఒకరోజు నీ బండారం బయటపడుతుంది’ అని. బడిలో కొత్త హెడ్‌మాస్టరుకూ, బ్యాంకులో కొత్త మేనేజరుకూ, టీమ్ లీడర్‌గా ప్రమోషన్ వచ్చిన సాఫ్ట్‌వేర్ అమ్మాయికీ ఆ తగినవాడు ఊహల్లోనే ఉంటాడు. పరందోళిలో అట్లా కాదు. అక్కడ అతను పక్క వీధిలో ఉంటాడు. అతనికీ ముద్ర ఉంది, లెటర్‌హెడ్ ఉంది, గెలిచిన కాగితం ఉంది.

*

ఈ గొంతుకు మానసిక శాస్త్రంలో ఒక పేరుంది. 1978లో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసే పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 150 మందికి పైగా ఉన్నత స్థాయికి చేరిన మహిళలతో మాట్లాడి ఒక వ్యాసం రాశారు. పెద్ద డిగ్రీలున్నా, తోటివాళ్లు మెచ్చుకుంటున్నా, వీళ్లలో చాలామంది తాము తెలివైనవాళ్లమని నమ్మడం లేదు. అదృష్టం కలిసొచ్చిందనో, ఎదుటివాళ్లు పొరబడ్డారనో అనుకుంటున్నారు. దానికి ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. అంటే దొంగవేషం వేసుకుని తిరుగుతున్నామన్న భావన. తర్వాత జనం నోట అది ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’ అయి కూచుంది, ఏదో జబ్బు అయినట్టు.

తెలుగులో దీనికి సరైన మాట లేదు. ‘ఆత్మన్యూనత’ అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఎవరూ అనరు. ‘నాకంత తెలివెక్కడిది’ అంటారు, ‘నా వల్ల అయ్యే పని కాదు’ అంటారు, ‘నలుగురిలో నోరు పెగలదు’ అంటారు. ఈ మాటల్లో చివరిది నాకు ఎక్కువ ఇష్టం. మనసులో ఏముందో అది చెప్పదు. ఎక్కడ జరుగుతుందో చెబుతుంది: నలుగురిలో. ఇంట్లో పెగిలే నోరే అది.

సరిగ్గా ఈ వాదనే 2021లో రుచికా తుల్‌శ్యాన్, జోడీ-ఆన్ బ్యూరీ ‘హార్వర్డ్ బిజినెస్ రివ్యూ’లో లేవనెత్తారు. ఆడవాళ్లకు ఇంపోస్టర్ సిండ్రోమ్ ఉందని చెప్పడం ఆపండి, వాళ్లకు అట్లా అనిపించేలా చేస్తున్న చోటును చూడండి అని వాళ్ల వాదన. ఆ వ్యాసం అమెరికా ఆఫీసుల గురించి. కానీ దానికి రుజువు కావాలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. జివతి తహసీల్ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడితే చాలు.

చెట్టు కింద ఒక మనిషి, మెట్ల మీద ఒక మనిషి

మాణిక్‌గఢ్ కొండల మీద గోండులు, కొలాములు, పర్ధాన్‌లు, బంజారాలు ఉంటారు. 1972 కరువు రోజుల్లో మరాఠ్వాడా నుంచి బతుకుదెరువుకు వచ్చి కొండ చదును చేసుకున్న దళిత కుటుంబాలూ ఉన్నాయి. పత్తి, జొన్న, కంది, సోయా. గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, తెలుగు. సంతకు వెళ్లిన మనిషి నాలుగు భాషల్లో బేరమాడి వస్తాడు. ఈ నైపుణ్యానికి ఏ బయోడేటాలోనూ చోటు లేదు.

గోండు పల్లెలో పటేల్ ఉంటాడు. దేవర్ల పనులు చూసే కటోడా ఉంటాడు. కొన్ని పల్లెలు కలిసి రాయ్ సెంటర్‌గా కూడుతాయి, దానికి సర్మెడి పెద్ద. భూమి తగాదా, పెళ్లి తగాదా, అప్పు తగాదా ఏదైనా అక్కడ గోండీలో నడుస్తుంది. సర్మెడి అందరి మాటా విని, గంటల తరబడి ఓపికపట్టి తీర్పు చెబుతాడు. ఆయనకు సంకోచం లేదు. ఆయన మాటకు ఎంత బరువుందో ఆయనకూ తెలుసు, ఊరికీ తెలుసు. కొలాముల సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రభుత్వ పట్టికలో వాళ్లు ‘ప్రత్యేకించి బలహీనమైన’ తెగ, రెండు రాష్ట్రాల్లోనూ. కానీ ఈ నేల దేవతలను శాంతింపజేయాలంటే గోండులు పిలుచుకునేది కొలాం పూజారినే. నేల మీద అధికారం ఎవరికి ముందు ఉందో తెలిసినవాళ్ల ఏర్పాటు అది.

పుష్యమాసంలో మహారాజ్‌గూడ అడవిలోని జంగుబాయి గుహ దగ్గరికి వెళ్తే ఈ అధికారం కళ్లారా కనిపిస్తుంది. తెలంగాణ నుంచీ మహారాష్ట్ర నుంచీ వేల మంది వస్తారు. అక్కడ కటోడాల మాటే నడుస్తుంది. ఎవరు ముందు, ఎవరు వెనక, ఏ గోత్రానికి ఎక్కడ చోటు అన్నది వాళ్లే చూసుకుంటారు. కలెక్టరు వచ్చినా చెప్పులు విప్పి పక్కన నిలబడాల్సిందే.

ఇప్పుడు ఆ సర్మెడే సర్పంచ్‌గా ఎన్నికయ్యాడని ఊహించుకోండి. తీర్మానం మరాఠీలో రాయాలి. ఎస్టిమేట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. పంచాయతీ కాగితాలు చూసే గ్రామసేవక్ కాగితం ముందుకు జరిపి ‘ఇక్కడ సంతకం’ అంటాడు. రెవెన్యూ ఉద్యోగి తలాఠీ దగ్గర భూమికి సాత్-బారా కాగితం, అవతలి రాష్ట్రంలో అయితే పట్టాదారు పాస్‌పుస్తకం. చెట్టు కింద మూడు గంటలు వాదన విని తీర్పు చెప్పిన గొంతు ఆఫీసు మెట్ల మీద మూడు వాక్యాలు చెప్పలేకపోతుంది. మనిషి మారలేదు. తెలివి తగ్గలేదు. చోటు మారింది, భాష మారింది, అంతే. అతనికి ఆత్మవిశ్వాస శిక్షణ ఇప్పించాలని ఎవరైనా అంటే నేను నవ్వుతాను. అతనికి కావల్సింది ఆ ఎస్టిమేట్ గోండీలో చదివి చెప్పే మనిషి.

శిక్షణ అసలు లేదని కాదు. మహారాష్ట్రలో పంచాయతీ ప్రతినిధులకు శిక్షణ ఇచ్చే పెద్ద సంస్థ పుణెలోని యశదా. తెలంగాణకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. ఒకచోట పాఠం మరాఠీలో, ఇంకోచోట తెలుగులో. కొలాం సర్పంచ్‌కు రెండూ ఇంటి భాషలు కావు. భాషాశాస్త్రం ప్రకారం గోండీ, కొలామీ రెండూ మన తెలుగుకు చుట్టాలే, ద్రావిడ కుటుంబమే. చుట్టరికం ఉన్నంత మాత్రాన చుట్టం చెప్పింది అర్థమవుతుందా? మన ఇళ్లలోనే అర్థం కాదు.

‘రిజర్వేషన్‌తో వచ్చింది’

అన్ని సంకోచాల్లో బరువైనది ఈ మాట మోపే సంకోచం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు దక్కాయి. 2011లో మహారాష్ట్ర దాన్ని సగానికి పెంచింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే అంది. చట్టం కుర్చీ ఇచ్చింది. కుర్చీతోపాటు ఒక ఎత్తిపొడుపు కూడా ఇంటికొచ్చింది: ఆమె గెలవలేదు, సీటు గెలిచింది.

సర్పంచ్ పతి అన్న పదం మరాఠీలో, హిందీలో, తెలుగులో ఒకే అర్థంతో తిరుగుతోంది. ఆమె పేరు, ఆయన పెత్తనం. ఆఫీసుకు ఆయన వెళ్తాడు, ఫోన్ ఆయన ఎత్తుతాడు, ఆమె ఇంటికి వచ్చిన కాగితం మీద సంతకం పెడుతుంది. దీన్ని పితృస్వామ్యం అని ఒక్క మాటలో తేల్చేయడం తేలిక. అదీ నిజమే. కానీ ఆ ఇంట్లోకి కాస్త తొంగిచూస్తే ఇంకోటి కనిపిస్తుంది. మొదటి గ్రామసభలో ఆమె మాట్లాడబోయినప్పుడు నలుగురు నవ్వి ఉంటారు. లేదా పనుల కొలతలు రాసే ఎంబీ పుస్తకం గురించి అడిగితే ఇంజినీరు ‘మీ ఆయన్ను పంపమ్మా’ అని ఉంటాడు. రెండోసారి ఆమే ఆయన్ను పంపుతుంది. మూడోసారి ఎవరూ చెప్పనక్కర్లేదు. సంకోచం ఇట్లా ఒక పద్ధతిగా మారుతుంది.

మరి ఆమె నిజంగా పనికిరాదా? ఈ ప్రశ్నకు దేశంలో చాలా పద్ధతిగా సమాధానం వెతికిన చోటు పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూం జిల్లా. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ దుఫ్లో, కోల్‌కతాలోని ఐఐఎం ఆచార్యుడు రాఘవేంద్ర చట్టోపాధ్యాయ కలిసి బీర్‌భూం, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఏ పంచాయతీ మహిళలకు దక్కాలన్నది చిట్టీ తీసినట్టు వంతుల ప్రకారం నిర్ణయమైంది కాబట్టి పోలిక న్యాయంగా కుదిరింది. మహిళలు కుర్చీలో ఉన్నచోట ఊరి ఆడవాళ్లు ఎక్కువగా అడిగిన పనులకే ఎక్కువ ఖర్చు జరిగింది. అందులో మొదటిది తాగునీరు.

అదే కాలంలో దుఫ్లో, పెటియా టొపలోవా కలిసి రాసిన ఇంకో వ్యాసం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మహిళల పంచాయతీల్లో తాగునీటి వసతి ఎక్కువగా ఉంది, వాటి నాణ్యతా తక్కువేమీ కాదు. లంచాలు తక్కువ. అయినా ఊరివాళ్లను అడిగితే, ఆ ఊళ్లలోనే తృప్తి తక్కువ. బోరింగులు పెరిగాయి, మార్కులు తగ్గాయి! ఆ వ్యాసం పేరే ‘గుర్తింపు దొరకని సేవ’ అన్న అర్థం వచ్చేలా పెట్టారు.

ఇది చదివాక ఆ సర్పంచమ్మ మనసులోని మాటను మళ్లీ వినండి. ‘నేను సరిగ్గా చేయలేకపోతున్నానేమో’ అని ఆమె అనుకుంటోంది. అది ఆమె ఊహించుకున్న భయం కాదు. ఊరు నిజంగానే ఆమెకు తక్కువ మార్కులు వేస్తోంది. పొరపాటు ఆ మార్కుల్లో ఉంది. ‘అదంతా నీ మనసులోనే ఉందమ్మా, ధైర్యంగా ఉండు’ అని ఓదార్చేవాళ్లు తమకు తెలియకుండానే ఊరి తప్పును ఆమె నెత్తిన పెడుతున్నారు.

2009లో లోరీ బీమన్, చట్టోపాధ్యాయ, దుఫ్లో, రోహిణీ పాండే, టొపలోవా ఇంకో అడుగు ముందుకు వేశారు. బీర్‌భూం పల్లెల్లో ఒకే నాయకత్వ ప్రసంగాన్ని కొందరికి మగ గొంతుతో, కొందరికి ఆడ గొంతుతో వినిపించి, ఈ నాయకుడు ఎట్లా ఉన్నాడు, ఈ నాయకురాలు ఎట్లా ఉంది అని అడిగారు. అంతవరకు మహిళా ప్రధాన్‌ను, అంటే అక్కడి సర్పంచ్‌ను, చూడని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. మాటలు మాత్రం అవే. ఇంతకుముందే మహిళా ప్రధాన్ పాలనను చూసిన ఊళ్లలో ఈ తేడా కనిపించలేదు. అయితే మొదటి తరం మహిళా ప్రధాన్‌లకు ఈ మేలు దక్కలేదు. వాళ్లు తిట్లు తిన్నారు, దారి వేశారు, దిగిపోయారు. ఆ దారిలో నడిచింది తర్వాతివాళ్లు. రెండు దఫాలు మహిళా రిజర్వేషన్ నడిచిన చోట్ల, రిజర్వేషన్ లేని ఎన్నికల్లో కూడా మహిళలు ఎక్కువగా నిలబడ్డారు, ఎక్కువగా గెలిచారు.

ఇదే బృందంలోని నలుగురు 2012లో ‘సైన్స్’ పత్రికలో ఇంకో ఫలితం ప్రచురించారు. రెండు దఫాలు మహిళా ప్రధాన్‌లున్న ఊళ్లలో ఆడపిల్లల చదువుకూ మగపిల్లల చదువుకూ మధ్య ఉన్న అంతరం చెరిగిపోయింది. అక్కడ పిల్లలకు ఎవరూ స్ఫూర్తి ప్రసంగాలు చేయలేదు. ప్రధాన్‌గారి కుర్చీలో చీర కట్టుకున్న మనిషి కూచోవడం వాళ్లు రోజూ చూశారు, అంతే.

చాందాలో ప్రెస్సు, మార్లవాయిలో పలక

ఈ కొండల్లో నాయకుడంటే మొదట గుర్తొచ్చే పేరు కుమురం భీం. 1940లో ఆయన నేలకొరిగిన జోడేఘాట్ ఇదే కెరమెరి మండలంలో ఉంది. ఆయన కోరింది కూడా 12 ఊళ్ల మీద గోండులకు, కొలాములకు హక్కు. పన్నెండు ఊళ్ల లెక్క ఈ కొండకు ఎందుకో అతుక్కుపోయింది.

విగ్రహాల్లో భీం తుపాకి పట్టుకుని ఉంటాడు. జనం చెప్పుకునే కథలో మాత్రం తుపాకికి ముందు చాలా ఉంది. భూమి తగాదాలో సిద్ధిఖీ అనే జాగీర్దారును కొట్టి చంపి, భీం కొండ దాటి చాందాకు, అంటే ఇప్పటి చంద్రపూర్‌కు పారిపోయాడు. అక్కడ విఠోబా అనే ఆయన నడిపే అచ్చుయంత్రం దగ్గర పనికి కుదిరాడు. చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలిగా కొన్నేళ్లు. తిరిగొచ్చాక కూడా నేరుగా యుద్ధానికి దిగలేదు. నిజాంను కలిసి మొర పెట్టుకుందామని హైదరాబాద్ వెళ్లి, దర్శనం దొరక్క తిరిగొచ్చాడని చెబుతారు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల ‘కొమురం భీం’ ఈ కథను తెలుగు ఇళ్లకు చేర్చింది. చరిత్రకారులు తేదీల గురించి వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. కథ నడక నాకు ముఖ్యం. జనం తమ అతిపెద్ద నాయకుడిని పుట్టు వీరుడిగా గుర్తుపెట్టుకోలేదు. పారిపోయి, పనివాడిగా చేరి, అక్షరాలు కూడబలుక్కుని తిరిగొచ్చినవాడిగా గుర్తుపెట్టుకున్నారు.

జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం ఎందుకిట్లా జరిగిందో తెలుసుకొమ్మని ఒక ఆస్ట్రియన్ మానవ శాస్త్రవేత్తను పంపింది. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశీయుడిగా ముద్రపడి, హైదరాబాద్ సంస్థానానికి పరిమితమైన మనిషి. తనూ తగని చోట కూచున్నవాడే. ఆయన సూచనతో 1943లో మార్లవాయి అనే గోండు పల్లెలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది.

బయటి నుంచి వచ్చే పంతుళ్లు అడవిలో ఉండరు, ఉన్నా పిల్లలకు వాళ్ల భాష రాదు. అందుకని అరకొర చదువున్న గోండు యువకులనే తెచ్చి, వాళ్లనే పంతుళ్లను చేశారు. పుస్తకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి, మరాఠీ అక్షరం అప్పటికే కొందరికి పరిచయం కాబట్టి. ఆ కుర్రాళ్ల స్థితి ఊహించండి. నిన్నటిదాకా పశువులు కాసినవాళ్లు, రేపటినుంచి ‘మాస్తరు’. వాళ్లకు సంకోచం లేదంటే నేను నమ్మను. కానీ ఆ కేంద్రం చేసిన పని చూడండి. ‘నువ్వు గొప్పవాడివి’ అని చెప్పలేదు. వాళ్ల భాషను పలక మీదికి తెచ్చింది. గోండీలో మాట్లాడటం వాళ్లకు ఎప్పటినుంచో వచ్చు, ఆ వచ్చినదాన్నే అర్హతగా మార్చింది. అక్కడ తయారైనవాళ్లు పంతుళ్లే కాదు, పట్వారీలూ, గుమస్తాలూ, ఫారెస్టు గార్డులూ అయ్యారు. హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో లండన్‌లో చనిపోయిన ఆయన అస్థికలనూ తర్వాత అక్కడికే తెచ్చారు.

నిండు కుండ సమస్య

నన్ను తొలిసారి ఒక పత్రికలో పేజీకి బాధ్యుణ్ణి చేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. నాకంటే పదిహేనేళ్లు సీనియర్ అయిన సబ్ ఎడిటర్ రాసిన హెడ్డింగ్ బాగాలేదని నాకు తెలుసు. మార్చమని చెప్పలేక, అందరూ వెళ్లాక రాత్రి పదకొండింటికి దొంగలా నేనే మార్చాను. పొద్దున ఆయన చూసి, ‘మార్చాలనిపిస్తే చెప్పొచ్చుగా బాబూ, నేనే మారుద్దును’ అన్నారు. అంతే. రాత్రంతా నేను మోసిన బండ ఆయన దృష్టిలో గులకరాయి కూడా కాదు. అయితే ఆయన అట్లా అనకుండా నవ్వి ఉంటే? నేను ఇంకో ఏడాది రాత్రి పదకొండింటి దాకా ఆగేవాణ్ణి.

నిండు కుండ తొణకదని మనకు చిన్నప్పటినుంచి చెబుతారు. మంచి సామెతే. కానీ నాయకత్వానికి వచ్చేసరికి అది కాస్త మోసం చేస్తుంది. గ్రామసభలో తొణకని కుండను చూసి జనం ఖాళీ కుండ అనుకుంటారు. తొణుకుతున్న సగం కుండ దగ్గరికే పనులు వెళ్తాయి. తెలిసినవాళ్లు కొంచెం తొణకడం నేర్చుకోవాలి.

ఇంకో వైపూ ఉంది, దాన్ని దాటవేయకూడదు. ‘నేను సరిపోను’ అన్న భావన కొన్నిసార్లు కరెక్టే. ఎంబీ పుస్తకం చదవడం రాకపోతే రాదు, అంతే. దానికి ధైర్యం మందు కాదు, ఎంబీ పుస్తకమే మందు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కుల మీద సర్పంచ్‌తోపాటు ఉప సర్పంచ్ సంతకమూ ఉండాలంది. ఇది తెలియని కొత్త సర్పంచ్‌ను ఉప సర్పంచ్ ఐదేళ్లు ఆడించగలడు. తెలిసినవాళ్లు మొదటి నెలలోనే ఆయనతో కూచుని మాట్లాడుకుంటారు. పని చేయించి, బిల్లులు రాక, అప్పుల పాలై ఆఫీసుల చుట్టూ తిరిగిన మాజీ సర్పంచ్‌లు తెలంగాణలో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఊళ్లో తలెత్తుకోలేకపోయారు, తామే విఫలమయ్యామనుకుని. బిల్లు ఆగింది ఖజానాలో. సిగ్గు మాత్రం సర్పంచ్ ఇంటికి వచ్చింది.

కాబట్టి ఈ భయం పట్టుకున్నవాళ్లు ముందు ఒక పని చేయాలి: ఇందులో నాకు తెలియనిది ఎంత, నన్ను తెలియనివాడిగా చూస్తున్నది ఎంత అని విడదీసుకోవాలి. మొదటిదానికి అడగడం ఒక్కటే దారి. గ్రామసేవక్‌ను అడగండి, పక్క ఊరి పాత సర్పంచమ్మను అడగండి, సంతకానికి ముందు కాగితం గట్టిగా చదివి వినిపించమని అడగండి. చదివి వినిపించమనడం అజ్ఞానం కాదు, అది సర్పంచ్ హక్కు. రెండోది ఒక్కరి వల్ల పోయేది కాదు. బీర్‌భూం చెబుతున్నట్టు, అది పోవడానికి ఊరు పదేళ్లు చూడాలి.

పరందోళి లాంటి ఊళ్లలో ఇద్దరు సర్పంచ్‌లు ఉండటాన్ని వింతగా చూపిస్తారు. నాకైతే అందులో ఒక సౌకర్యం కనిపిస్తుంది. ఒకే నేల మీద, అవే సమస్యలతో, అదే అనుమానపు చూపుల మధ్య పనిచేసే ఇంకో మనిషి అక్కడ ఉన్నాడు. దేశంలో చాలామంది సర్పంచ్‌లకు దొరకని అవకాశం. వాళ్లిద్దరూ పోటీదారులుగా ఉన్నంతకాలం ఆ కొండ రెండు ముక్కలే. ఒక సాయంత్రం కూచుని మన రోడ్డు ఎస్టిమేట్ ఇంత, మీది ఎంత అని మాట్లాడుకుంటే, ఇద్దరి ఆఫీసర్లకూ నిద్రపట్టదు.

ఈ ఊళ్లు ఎటు తేలతాయో ప్రభుత్వాలు, కోర్టులు చూసుకుంటాయి. ఏ రాష్ట్రంలో తేలినా రిజర్వేషన్ వంతులు మారుతూనే ఉంటాయి. ఒకసారి మహిళకు వచ్చిన సీటు మళ్లీసారి రాకపోవచ్చు. అప్పుడు పాత సర్పంచమ్మ జనరల్ సీటుకు నామినేషన్ వేస్తే ‘ఇప్పుడు రిజర్వేషన్ లేదుగా’ అని నవ్వేవాళ్లు తప్పకుండా ఉంటారు. మీ ఊళ్లో అట్లాంటి సందర్భం వచ్చిన రోజున, ఓటు వేయడానికి ముందు ఒక్క పని చేయండి. ఆమె హయాంలో ఎన్ని బోరింగులు వేశారో, వాటిలో ఇవాళ ఎన్ని నీళ్లు ఇస్తున్నాయో వెళ్లి లెక్కపెట్టి రండి.